వలతాడు, మిల్లు జీతం

మావ పోయాడన్న కబురు పొద్దున్నే టీ కొట్టు దగ్గర తెలిసింది. గుండెనొప్పట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఆయన నాకు చుట్టం కాదు. రాజాం దగ్గర గోనెసంచుల మిల్లులో ఇద్దరం ఒకే షిఫ్టులో పనిచేశాం, ఒకే రోజు పని పోగొట్టుకున్నాం. మిల్లులో అందరూ ఆయన్ని మావ అనే పిలిచేవారు, ఆఖరికి మమ్మల్ని తీసేసిన మేనేజరు కూడా.

మనిషి మొండిఘటం. టీలో పంచదార తగ్గితే గ్లాసు వెనక్కిచ్చేసేవాడు. ఏ కాగితమైనా ఎవరిచేతనైనా రెండుసార్లు చదివించుకోనిదే సంతకం పెట్టేవాడు కాదు. దాంతో మాకు ప్రాణం విసిగిపోయేది.

సమ్మె చేశామని మమ్మల్ని తీసేస్తే, తిరిగి పనిలో పెట్టుకోమని లేబర్ కోర్టు చెప్పింది. యాజమాన్యం హైకోర్టుకెళ్లింది. ఆ అప్పీలు తేలేదాకా మేం ఆఖరున తీసుకున్న జీతం నెలనెలా ఇవ్వాలని చట్టం. షరతు ఒక్కటే, మరెక్కడా ఉద్యోగం చెయ్యడం లేదని ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. మేమంతా కళ్లు మూసుకుని సంతకాలు పెట్టాం. మావ పెట్టలేదు.

"ఇందల సేపల మాట నేదేటి బాబూ?" అన్నాడు వకీలుతో.

పని పోయాక మావ తరచూ తన పుట్టిన ఊరు భావనపాడు వెళ్లేవాడు. అక్కడ ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతివాళ్లకీ ఇన్ని చేపలు పెడతారు. దారిన పోయేవాడు చెయ్యేసినా అంతే. మావ వాటిని తెచ్చుకుని కూర వండించుకునేవాడు, మా ఇంటికీ పంపేవాడు.

వకీలు తల పట్టుకున్నాడు. "అది రాస్తే మీకు సంపాదన ఉందంటారు మిల్లువాళ్లు. మీ ఒక్కరి జీతమే కాదు, అందరి జీతాలకీ అడ్డం పడతారు."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో బియ్యం అప్పు, పిల్లదాని బడి ఫీజు అప్పు. "సంతకం పెట్టు మావా. నీ సేపలు ఎవుడు సూడొచ్చినాడు?" అన్నాను.

"ఒరే, దొంగసేపలేటిరా దాయడానికి? తాడు పట్టినాను, సేప తెచ్చినాను. సముద్రం నాకు ఉజ్జోగం ఇవ్వనేదు. అలాగే రాయించండి."

రాయించాడు. రెండుసార్లు చదివించుకున్నాడు కూడా.

తీరా హైకోర్టులో యాజమాన్యం ఫొటోలు పెట్టింది. లుంగీ ఎగ్గట్టి మావ వల లాగుతున్నాడు. వీళ్లందరూ వేరే పనులు చేసుకుంటూ దొంగ ప్రమాణాలు చేశారన్నారు. మా వకీలు లేచి మావ అఫిడవిట్లో ఆ ముక్క చదివాడు. ఆయనే చెప్పేసిన సంగతికి ఫొటోలెందుకు? కూరకి నాలుగు చేపలు తెచ్చుకోవడం ఉద్యోగం కాదని, అందరికీ జీతాలు కట్టాల్సిందేనని ఉత్తర్వు వచ్చింది. ఆ డబ్బుతోనే మేం అప్పులు తీర్చుకుని తలెత్తుకు తిరిగాం. మావ చలవే అది, ఎక్కడైనా చెప్తాను.

పని చెయ్యకుండా జీతమేమిటని బజార్లో ఎవరైనా ఎకసెక్కమాడితే, "పనిమ్మని సెప్పండి, రేపే ఎల్తాను" అనేవాడు. ఇచ్చుంటే నిజంగానే వెళ్లేవాడు.

అప్పీలు ఇంకా తేలనేలేదు. పెద్దకర్మ అయ్యాక వకీలు కబురు చేశాడు. మనిషి లేడు గనక ఉద్యోగం మాట ఇక లేదు, కానీ గెలిస్తే తీసేసిన నాటి నుంచి రావాల్సిన పాత బకాయి ఆయన భార్యకి వస్తుంది, కేసులో ఆమె పేరు చేర్చాలి. ఆ మాట అత్తకి చెప్పడానికి వెళ్లాను. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషితో కోర్టు మాటలేం మాట్లాడతాం? "ఓపిక నేకపోతే వదిలేద్దాం అత్తా" అన్నాను.

"వదిలీడమేటిరా? మీ మావ పోనాడు గాని మిల్లు పోనేదు కదా!"

తర్వాతి వాయిదాకి హైకోర్టుకి వెళ్లడానికి మేమంతా చీపురుపల్లి స్టేషన్‌కి చేరేసరికే అత్త ప్లాట్‌ఫారం మీద ఉంది, అందరికీ పులిహోర పొట్లాలు కట్టిన సంచితో. "ఏటర్రా, ఇంతాలిస్యం?" అని కసిరింది. బండి రాగానే అందరికన్నా ముందు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, కింద ఉన్న మాకు చెయ్యి అందించింది.