కూర్చోబెట్టి తెచ్చిన మనిషి

ఎనభైల్లో ఒక ఎండాకాలం. నా భార్యకు తెల్లవారుజామున మొదలైన వాంతులు, విరేచనాలు పొద్దెక్కినా ఆగలేదు. కంగ్టి వైపున్న మా ఊరికి అప్పట్లో బస్సు లేదు. పక్కింటాయన ఎడ్లబండి కట్టాడు. జొన్నచొప్ప మీద బొంత పరిచి, ఆమెను ఎక్కించుకుని నారాయణఖేడ్ దవాఖానకు బయలుదేరాం.

బండిలో ఆమె కాళ్లు చాపుకుని పడుకునేంత చోటుంది. మా అమ్మే పడుకోనివ్వలేదు. మా ఇళ్లలో మనిషిని కింద పడుకోబెట్టేది ఇక ఆశ లేదనుకున్నప్పుడే. జబ్బు మనిషిని పడుకోబెట్టి ఊరు దాటిస్తే, ఆ మనిషి ప్రాణంతో తిరిగి రాదని అమ్మ నమ్మకం.

"పండబెట్టకు కొడుకా. లేపి పట్టుకో. కండ్లు మూయనియ్యకు" అంది.

నేను వెనక కూర్చుని, చంకల కింద చేతులు వేసి, ఆమె వీపును నా ఛాతీకి ఆనించుకున్నాను. తల వాలినప్పుడల్లా అమ్మ గడ్డం పట్టి లేపేది.

"జర పండబెట్టుండ్రి. కండ్లకు చీకట్లు వస్తున్నయ్" అంది నా భార్య.

"గట్లనకు!" అని కసిరాను. అవును, ఆ స్థితిలో ఉన్న మనిషిని కసిరాను. పైగా నేను పంతులును. బడిలో రక్తప్రసరణ పాఠం చెప్పేది నేనే. ఎర్ర సుద్ద, నీలం సుద్దతో గుండె బొమ్మ గీయడంలో నా అంతటివాడు లేడని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి. ఆమె మళ్లీ మళ్లీ అడిగింది. నేను వినలేదు.

సగం దారిలో ఆమె చేతులు చల్లబడ్డాయి. పైన ఎండ మాడుస్తోంది, ఆమె వేళ్లు మాత్రం కుండలో నీళ్లలా ఉన్నాయి. అమ్మ అరచేతులు రుద్దుతూ బోరంచ పోచమ్మకు మొక్కింది. నేను ఎడ్లను తిట్టాను, బండి తోలుతున్నాయనను తిట్టాను. కాసేపటికి ఆమె అడగడం కూడా మానేసింది. నా చేతుల్లోనే పోతోందని తెలుస్తోంది, ఏం చేయాలో తెలియడం లేదు. ఆ భయంతో ఇంకా నిటారుగా, ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

దవాఖానలో నర్సమ్మ నాడి పట్టుకుని చూసింది. "ఎట్ల తెచ్చిండ్రు?"

"కూసోబెట్టి."

"దారి పొడుగునా?" అని నా మొహంలోకి చూసింది. వెంటనే ఆమెను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల వైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకలేదు. ఒక చెయ్యి, రెండో చెయ్యి, పాదం.

"ఎందుకు దొరకదు?" అని అరిచాను.

"అరవకు. గుండె కాడ, మెడల ఉన్న పెద్ద నరాలకు రక్తం జోరు తెలుస్తది. ఒంట్ల నీళ్లు పోయి జోరు తగ్గంగనే చేతుల నరాలు, కాళ్ల నరాలు బిగుసుకపోతయ్. ఉన్న కాస్త రక్తాన్ని గుండెకు, తలకు తోలుతయ్. చేతులు సల్లబడ్డది గందుకే. మనిషిని కూసోబెడితే రక్తం కిందికే జారుతది. ఆ నరాలు ఎంత బిగబట్టినా తలకాయ దాక ఎట్ల ఎక్కిస్తయ్? పండుకోనిస్తే జర ఆసర దొరుకుతుండె."

నా పాఠంలో రక్తనాళాలు ఉత్త గొట్టాలు. వాటికి కూడా తెలుస్తుందని, తెలిసి బిగుసుకుంటాయని నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె ఒంట్లో ప్రతి నాళం ఆమెను బతికించడానికి పెనుగులాడుతుంటే, నేను దారి పొడుగునా దానికి అడ్డం కూర్చున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

చివరికి మోచేతి మడతలో సూది దిగింది. "చెయ్యి పట్టుకో, వేడెక్కితే చెప్పు" అంది నర్సమ్మ. పట్టుకున్నాను. ఒక సీసా అయిపోయింది. చెయ్యి చల్లగానే ఉంది. రెండోది సగానికి వచ్చాక అరచేతిలో గోరువెచ్చగా తగిలింది. నా చేతి వేడేనేమోనని వదిలి, మళ్లీ పట్టుకుని చూశాను. ఆమెదే.

పెదవులు కదిలితే చెవి దగ్గర పెట్టాను.

"జర... పండబెట్టుండ్రి."

"పండుకునే ఉన్నవ్" అన్నాను.

ఆమె నన్ను చూసింది. నా మాట నమ్మలేదు. మెల్లగా తల తిప్పి, అదే మాట నర్సమ్మను అడిగింది.