గ్యాసు కాదన్న గోవిందమ్మ

విస్సన్నపేట దగ్గర రామచంద్రరావుగారి మామిడి తోటలో కాయలు గ్రేడింగు చేసేది గోవిందమ్మ. కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, తూకంతో పని లేకుండా ఏ ట్రేలో పడాలో ఆ ట్రేలో పడేది. షెడ్డులో ఆమె తిడితే గేటు దగ్గర లారీ డ్రైవరు ఉలిక్కిపడేవాడు. అలాంటి మనిషి యాభై దాటాక ఓ వేసవిలో, తిట్టు సగంలో ఆపి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి పాదాలు వాచిపోయేవి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ రాఘవులు నాలుక చాపమని చూశాడు. “గ్యాసమ్మా,” అన్నాడు.

ఎనిమిది నెలలు గ్యాసు బిళ్ళలు మింగింది. తగ్గలేదు. చింతలపూడి వెళ్తే అక్కడ రక్తం తక్కువన్నారు. నల్లటి టానిక్ ఇచ్చారు. పక్కింటావిడ దిష్టి తీసింది. మొగుడు చిన్నరాయప్ప బోరు మోటార్లు బాగుచేసేవాడు. అతను మాత్రం, “పనెగ్గొట్టడానికి ఎన్ని వేషాలే నీకు,” అని నవ్వాడు. గోవిందమ్మ నవ్వలేదు. తనకే అనుమానం వచ్చింది, నిజంగానే వేషమేమోనని.

కిందటేడు బీపీ చూడ్డానికి షెడ్డుకొచ్చిన నర్సు షాలోమి, బీపీ చూశాక గోవిందమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది. పెట్టి చాలాసేపు తియ్యలేదు.

“అత్తా, లోపల బుస్సుమంటోంది. విజయవాడ వెళ్ళి గుండెకి ఎకో తీయించుకో.”

“గ్యాసేమోనే.”

“గ్యాసు గుండెల్లో ఎందుకుంటదత్తా?”

వారం తిరక్కుండా మొగుడూ పెళ్ళాం విజయవాడ బస్సెక్కారు. ఎకో గదిలో డాక్టరమ్మ చల్లటి జెల్లీ రాసి, మిషను సౌండు పెంచింది. గదంతా బుస్‌, బుస్‌ అని మోగింది.

“ఇది నాదేనాండీ?” అంది గోవిందమ్మ.

“మీదేనమ్మా. రెండు వాల్వులు లీకవుతున్నాయి. ముందుకెళ్ళాల్సిన రక్తం కొంత వెనక్కి వస్తోంది. చిన్నప్పుడు మోకాళ్ళు వాచి జ్వరం వచ్చిందా?”

“పదేళ్ళప్పుడొచ్చిందండి. బడెగ్గొట్టడానికి నాటకమని మా అమ్మ చీపురు తిరగేసింది.”

“ఆ జ్వరమే గుండెని పట్టుకుని ఉంటుంది.”

గోవిందమ్మ లేచి కూర్చోబోయి, మళ్ళీ పడుకుంది. “మా ఆయన బయటున్నాడండి. ఆ సౌండు ఇంకోసారి పెట్టరా?”

చిన్నరాయప్ప లోపలికొచ్చి విన్నాడు. అతని మొహం పాలిపోయింది. ధైర్యం తెచ్చుకుని, “బోరు మోటారుకి ఫుట్‌వాల్వు లీకైతే మేం వాషరు మారుస్తామండీ,” అన్నాడు.

“మీరు మోటారు ఆపి మారుస్తారు. ఈ మోటారు ఆగకుండా చూసుకోవాలి మనం. ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదు. బిళ్ళలు మానకూడదు, ఆర్నెల్లకోసారి రావాలి. ఉప్పు తగ్గించాలి. ఊరగాయలు బాగా తగ్గించాలి.”

అంతవరకూ నిబ్బరంగా ఉన్న గోవిందమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఆవకాయ ఒక్క ముక్కైనా?”

“చిన్న ముక్క. అదీ వారానికోసారి.”

“చిన్నదంటే ఏ గ్రేడండీ?”

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. చిన్నరాయప్ప నవ్వలేదు. దారంతా సంచీ తనే మోశాడు. బస్సు దిగాక, “వేషమన్నాను గదే, తప్పైపోయింది,” అన్నాడు. గోవిందమ్మ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది, పక్కింటావిడకి కూడా వినపడేలా.

మర్నాడు నేరుగా రాఘవులు దగ్గరికి వెళ్ళింది.

“మెడలో ఆ గొట్టం పూసలదండనుకున్నారా డాక్టరుగారూ? ఇక్కడ పెట్టి వినండి.”

రాఘవులు పెట్టాడు. విన్నాడు. “నిజమేనమ్మా, వినపడుతోంది,” అన్నాడు నీరసంగా. ఆ తర్వాత కాలు బెణికి వెళ్ళినవాడికి కూడా ముందు గుండె చూస్తున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

మందులు పడ్డాక పాదాల వాపు తీసింది, ఆయాసం సగం తగ్గింది. ఈ సీజనులో మళ్ళీ షెడ్డుకొచ్చింది. నిలబడి పని చెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పిందని రామచంద్రరావుగారు ఆమెకో ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. అది చూసి మిగతా ఆడవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పులు గుర్తొచ్చాయి.

“మీవి వేషాలు కావా?” అన్నారాయన విసుగ్గా.

“ఎకో తీయించకుండా ఆ మాటనకండి అయ్యగారూ,” అంది గోవిందమ్మ.

ఇప్పుడా షెడ్డులో పదకొండు కుర్చీలున్నాయి.