బాపమ్మ కోసం మొక్కిన మొక్కు

ఈ పొద్దున పేపర్లో 'కారుణ్య మరణం' అన్న మాట చదవగానే నా చెవుల్లో డప్పులు మోగాయి.

చిన్నప్పుడు జమ్మికుంటలో మా ఎదురింటి తాత నిద్రలోనే పోయాడు. డప్పులు కొట్టారు, పేలాలు చల్లారు, మనుమలు చిందులేశారు. "మంచి సావు. గిసొంటిది అందరికి రాదు" అని వాడకట్టంతా అంటుంటే, అదేదో పెద్ద బహుమతి అనుకున్నాను. ఉరుక్కుంటూ ఇంటికొచ్చి, మంచం పట్టిన మా నాన్న తల్లికి చెప్పాను.

"బాపమ్మా, నీకు సుత గసొంటి సావే రావాలని మొక్కిన."

అమ్మ చెయ్యెత్తింది. బాపమ్మ ఆపింది.

"కొట్టకే. నా కోసం సరిగ్గ మొక్కింది గిదొక్కతే."

అప్పటినుంచి రోజూ నేను బడికి పోయేముందు పిలిచి, "ఇయ్యాల మొక్కినవా బిడ్డా?" అని అడిగేది. మరిచిపోయిన రోజు కూడా "మొక్కిన" అని ఎగురుకుంటూ వెళ్లేదాన్ని.

మూడేళ్లు అడిగింది.