దొరసామి కొనుక్కున్న ఆట

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో దొరసామి నడిపిన క్రేను పెద్ద మేడంత ఎత్తు. దాని పైన గాజు గది. కాళ్ల కింద కూడా గాజే. ఆ గదిలో ముందుకు వంగి కూర్చుని, ఎడమచేతి కర్రతో గదిని ఓడ మీదికి జరుపుతూ, కుడిచేతి కర్రతో లారీ అంతేసి ఇనప పెట్టెలను ఎత్తుతూ దించుతూ ఆయన ఉద్యోగమంతా గడిచిపోయింది. పెట్టె ఓడలో దిగేటప్పుడు చప్పుడు కాకూడదన్నది ఆయన పట్టుదల. కింద పనిచేసేవాళ్లు తలెత్తి చూడకుండానే, పెట్టె దిగిన తీరును బట్టి పైన ఉన్నది దొరసామేనని చెప్పేవారట. కూతురు పునిత చిన్నప్పుడు బడిలో, మా నాన్న ఆకాశంలో పనిచేస్తాడని చెప్పి నవ్వులపాలైంది.

అలాంటి మనిషికి రిటైరైన మరుసటి ఏడు పక్షవాతం వచ్చింది. ఒక ఉదయం గడ్డం గీసుకుంటుంటే ఎడమచేతిలోని నీళ్ల మగ్గు జారిపడింది. చప్పుడు విని పునిత వెళ్లేసరికి మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. ఆస్పత్రికి వేళకు చేరారు గనక ప్రాణం దక్కింది. నడక వచ్చింది. మాట కూడా వచ్చింది, కాస్త ముద్దగా, మధ్యమధ్య ఆగుతూ. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఒకటి ఇచ్చి రోజూ నొక్కమంది. ఆ బంతి ఎప్పుడు చూసినా సోఫా కింద దొరికేది.

"బంతి నొక్కినందుకు ఏటొస్తాదమ్మీ? ఏటీ రాదు. అది నొక్కినట్టే ఉంటాది, మళ్లీ ఉబ్బినట్టే ఉంటాది," అనేవాడు.

పునిత క్లాంగ్‌లో ఓడ సరుకుల ఏజెంటు ఆఫీసులో పనిచేస్తుంది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో వాళ్లిద్దరే. నాన్న మాట్లాడే పాత రబ్బరు ఎస్టేటు తెలుగు ఆమెకు పూర్తిగా అర్థమవుతుంది గాని, జవాబు చెప్పేటప్పుడు సగం తమిళంలోకి జారిపోతుంది. ఆమె ఎప్పుడో కొని పక్కన పడేసిన వీడియో గేమ్ యంత్రం ఒకటి అల్మరాలో ఉంది. ఒక ఆదివారం దాన్ని టీవీకి తగిలించి ఆటల దుకాణం తెరిచి చూస్తుంటే ‘చిన్న రేవు’ అనే ఆట కనిపించింది. ఓడలు వస్తాయి. క్రేనుతో సరుకు దించాలి. దించినకొద్దీ రేవు పెరుగుతుంది. ఎడమ బొటనవేలితో జరపాలి, కుడి బొటనవేలితో ఎత్తాలి.

దొరసామి ముందుకు వంగాడు. చాలా రోజుల తర్వాత ఆయన అలా వంగడం పునిత చూసింది.

తెర మీద ‘బెలి’ అని బొత్తాం ఉంది. మలయ్ భాషలో కొనడం అని అర్థం. ఆట నడిపే పిడిని కూతురి చేతిలోంచి తీసుకుని, వంగని వేలితో కిందా మీదా పడి, ఆ బొత్తాం తనే నొక్కాడు.

"ఇది నాదే గదా?" అని అడిగాడు.

"నీదే నాన్నా."

మొదటి వారమంతా ఆయన సరుకు నీళ్ల పాలైంది. ఎడమ వేలు జరగమంటే జరగదు. జరిగితే ఆగమంటే ఆగదు. కోపం వచ్చి పిడి విసిరేసిన రోజులున్నాయి. అయినా పొద్దున కాఫీ తాగగానే మళ్లీ కూర్చునేవాడు. బంతిని నొక్కమంటే నొక్కని మనిషి, తెర మీది బొమ్మ పెట్టె చప్పుడు కాకుండా దిగాలని చెమటలు పట్టేదాకా ప్రయత్నించాడు. కొన్నాళ్లకు చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. వ్యాయామం చేయించే అమ్మాయి చెయ్యి పట్టి చూసి, ఏం చేస్తున్నారంకుల్ అని ఆశ్చర్యపోయింది.

తనకు పనికొచ్చినదాన్ని దాచుకునే గుణం ఆయనకు లేదు. అదే వీధిలో పచ్చయమ్మ ఉంది. లిటిల్ ఇండియా బజారులోని దుకాణాలకు పూలదండలు కట్టి ఇచ్చేది. పక్షవాతంతో ఆమె వేళ్లు కూడా బిగుసుకుపోయాయి. దొరసామి ఆమెను ఇంటికి పిలిచి పిడి చేతిలో పెట్టాడు.

"నాకు ఆటలేటి అన్నా? నవ్వుతారు," అంది ఆమె.

"నవ్వితే నవ్వనీ. సరుకు దించు."

ఆమె కొడుకు ప్రవీన్ తమ ఇంట్లో కూడా అదే ఆట కొనిపెట్టాడు. మాట ఆ నోటా ఈ నోటా పాకి, ఇంకొందరు పక్షవాతం వచ్చినవాళ్లు చేరారు. శనివారం వచ్చిందంటే దొరసామి ముందు గది నిండిపోయేది. ఒకరి సరుకు నీళ్లలో పడితే అందరూ అయ్యో అనేవారు. పునిత టీ కలుపుతూ ఆ గోల వింటూ, ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న నాన్న ఈయనేనా అనుకునేది. దొరసామి కట్టిన రేవు చూడవలసిందే. ఎక్కడ ఏ ఓడ ఆగాలో, ఏ లారీ ఏ దారిన తిరగాలో, అన్నీ తను పనిచేసిన రేవులాగే పెట్టుకున్నాడు.

ఒకరోజు యంత్రం ఆన్ చేస్తే ఆట రాలేదు. దాని బదులు తెర మీద రంగురంగుల ప్రకటన వచ్చింది. ‘చిన్న రేవు’ ఇకమీదట నెలనెలా చందా కట్టే సభ్యులకు మాత్రమేనట. ఇంతకు ముందు విడిగా కొన్నవాళ్లకు ఆ సౌకర్యం ముగిసిందట. చందా కడితే ఈ ఆటతో పాటు వందల ఆటలు ఆడుకోవచ్చట. కట్టుకున్న రేవులు కూడా చందాదారులకే తెరుచుకుంటాయట.

దొరసామి రెండుసార్లు చదివించుకున్నాడు.

"కట్టేద్దాంలే నాన్నా. పెద్ద ఖర్చు కాదు. నేను కడతాను," అంది పునిత.

"ఖర్చు గురించి కాదమ్మీ. ఇది నేను కొన్నాను. నువ్వు సూసినావు గదా?"

"ఇప్పుడు అన్నీ ఇలాగే నాన్నా. పాటలు, సినిమాలు, ఆటలు, అన్నీ చందానే. ఎవరూ ఏదీ సొంతంగా ఉంచుకోరు."

ఆయన పిడిని పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, మాట కూడదీసుకుంటూ అన్నాడు. "అద్దెకియ్యడం తప్పు కాదు. ఇల్లు అద్దెకి తీసుకుంటాం, కారు అద్దెకి తీసుకుంటాం. అద్దె అని సెప్పి ఇమ్మను. అమ్మినాం అని సెప్పి, ఆనక అద్దె అంటే ఎలాగమ్మీ?"

మర్నాడే వినియోగదారుల ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు పెట్టాడు. పునితకు మాత్రం నాన్న చెయ్యి ముఖ్యం. పంతం పట్టి వ్యాయామం మానేస్తాడేమోనని భయపడింది.

పచ్చయమ్మ ఇంట్లోనూ ఆట ఆగిపోయింది. ప్రవీన్ వచ్చి, చందా కట్టనా వద్దా మావయ్యా అని అడిగాడు. మావయ్య పోరాడుతుంటే తాను కట్టడం బాగుండదని అతని సంకోచం.

"కట్టు నాయనా. మీ అమ్మ సెయ్యి ఆగకూడదు," అన్నాడు దొరసామి. "తగువు నాది. దానికి ఆమె వేళ్లు ఎందుకు బలెయ్యాల?"

ఆ తర్వాత శనివారాలు పచ్చయమ్మ ఇంట్లో జరిగాయి. దొరసామి వెళ్లేవాడు. ఆమె కట్టుకున్న రేవులో ఓపిగ్గా ఒక మూల సరుకు దించి వచ్చేవాడు. ఇంటి దగ్గర సోఫా కింది బంతి బయటికి తీసి, తిట్టుకుంటూ నొక్కేవాడు. నాన్నది వట్టి మొండితనమని అంతవరకూ అనుకున్న పునిత, ఆ బంతి నొక్కడం చూశాక సెలవు పెట్టి విచారణకు ఆయనతో బయలుదేరింది.

వినియోగదారుల ట్రిబ్యునల్‌లో వకీళ్లు ఉండరు. ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. దొరసామికి అదే కష్టం. వారం రోజులు అద్దం ముందు నిలబడి మలయ్ భాషలో సాధన చేశాడు. తొందరపడితే మాట ముద్దవుతుంది కాబట్టి తొందరపడకూడదని తనకు తనే చెప్పుకున్నాడు.

కంపెనీ తరఫున తనూష అనే యువతి వచ్చింది. మర్యాదగా మాట్లాడింది. కొనుగోలు నిబంధనల్లో ఈ సంగతి ఉందనీ, ఆయన కొన్నది ఆట కాదనీ, ఆడుకునే అనుమతి మాత్రమేననీ, ఆ అనుమతిని కంపెనీ ఎప్పుడైనా ముగించవచ్చనీ వివరించింది.

ట్రిబ్యునల్ అధ్యక్షురాలు దొరసామి వైపు చూసింది. ఆయన లేచాడు.

"నేను రేవులో క్రేను నడిపాను," అన్నాడు. "నేను దించిన పెట్టెల్లో ఒక్కటీ నాది కాదు. ఓడ వాళ్లదీ కాదు. లోపలి సరుకు కొన్నవాడిది. ఓడ కంపెనీ మారినా, దారి మారినా, సరుకు కొన్నవాడికి చేరాలి. మేం మధ్యలో మోసేవాళ్లం. మోసేవాడు, ఇది నాది, నెలనెలా డబ్బిస్తేనే చూపిస్తానంటే…"

అక్కడ మాట ఆగిపోయింది. తర్వాతి మాట నోట్లో ఉంది గాని బయటికి రావడం లేదు. పునిత మాట అందించబోయింది. ఆయన ఎడమచెయ్యి ఎత్తి వద్దన్నాడు. తనూష చేతిలోని కలం కింద పెట్టి ఆగింది.

"…రేవు నడవదు," అని పూర్తి చేసి కూర్చున్నాడు.

అధ్యక్షురాలు తనూషను అడిగింది. "ఆయన నొక్కిన బొత్తాం మీద ఏమని ఉంది?"

"బెలి అని ఉంది."

"అనుమతి మాత్రమేనన్న సంగతి ఆ బొత్తాం దగ్గర ఎక్కడైనా ఉందా?"

"నిబంధనల పేజీలో ఉంది. బొత్తాం దగ్గర లేదు."

చందా అవసరం లేకుండా నడిచే ఆట ఇవ్వాలి, లేదా ఆయన చెల్లించింది తిరిగి ఇవ్వాలి, రెండింటిలో ఒకటి చెయ్యమని తీర్పు వచ్చింది. కంపెనీ సులువైనది ఎంచుకుంది. డబ్బు తిరిగి ఇచ్చేసింది.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో పునిత ఉత్సాహంగా ఉంది. "గెలిచాం గదా నాన్నా."

"డబ్బొచ్చినాది. ఆట రాలేదు," అన్నాడు ఆయన కిటికీ వైపు చూస్తూ. ఇంటి మలుపు దగ్గర మళ్లీ అన్నాడు. "పచ్చయమ్మ కూడా కొన్నాది. శనివారం వచ్చేవోళ్లంతా కొన్నారు. ఒక్కడికైతే డబ్బు పారేత్తారు. అందరూ అడిగితే ఏటి సేత్తారో సూద్దాం."

శనివారం వచ్చే బృందమంతా ఫిర్యాదు చేసింది. ప్రవీన్ ఈ సంగతి ఇంటర్నెట్‌లో రాశాడు. రోజంతా ఆటలాడే కుర్రకారు చదివారు. తమ ఆట కూడా ఇలాగే పోయిందని సుంగై సిపుట్ నుంచీ, కువాలా సెలంగోర్ నుంచీ మనుషులు ఫోన్లు చేశారు. దొరసామి ఒక్కొక్కరితో ఓపిగ్గా మాట్లాడేవాడు. ఆయన మాట మధ్యలో ఆగితే అవతలివాళ్లు లైను తెగిందనుకుని పెట్టేసేవారు. ఆయనే మళ్లీ చేసేవాడు. ఎలా అడగాలో, ఎవరిని అడగాలో, ఏ తెర ఫొటో తీసి ఉంచుకోవాలో చెప్పేవాడు. ఎవరైనా కంపెనీని తిట్టడం మొదలుపెడితే ఆపేవాడు. "తిట్టకు. ఆ అమ్మాయి మంచిది. నీకేటి రావాలో అది అడుగు."

మాట ఆగిన మనిషి ఇంతమందికి మాట ఎలా అందిస్తున్నాడో పునితకు వింతగా ఉండేది. ఆమె ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ ముందు గదిలోంచి వినిపించే ఆ నెమ్మదైన గొంతు వింటూ గుమ్మంలోనే కాసేపు నిలబడేది.

ఫిర్యాదులు పెరిగాక కంపెనీ దిగివచ్చింది. పాత కొనుగోలుదారులందరికీ చందా లేకుండా, ఇంటర్నెట్ కూడా అక్కర్లేకుండా నడిచే ఆట ఇస్తామంది. కొత్తగా అమ్మే ఆటల దగ్గర, ఇది అనుమతి మాత్రమే అని బొత్తాం పక్కనే రాయడం మొదలుపెట్టింది. ఆ కబురు తనూష స్వయంగా ఫోన్‌లో చెప్పింది. మాటలు అయిపోయాక, "అంకుల్, చెయ్యి ఎలా ఉంది?" అని తమిళంలో అడిగింది.

"గుండీలు పెట్టుకుంటున్నానమ్మా," అన్నాడు దొరసామి, తమిళంలోనే.

ఆట వచ్చిన రోజు ప్రవీన్ వచ్చి యంత్రంలోకి ఎక్కించాడు. దొరసామి ఇంటర్నెట్ తీగ పీకించి చూశాడు. ఆట తెరుచుకుంది. కాని ఆయన కట్టుకున్న పాత రేవు అందులో లేదు. ఖాళీ ఒడ్డు, ఒకే ఒక చిన్న క్రేను. పునితకు మనసు చివుక్కుమంది. ఆయన పాత రేవు సంగతి ఎత్తకుండానే పిడి తీసుకుని మొదటి ఓడను ఒడ్డుకు తెచ్చాడు.

కొన్ని నెలలకు కంపెనీ ‘చిన్న రేవు’ను చందా జాబితాలోంచి కూడా తీసేసింది. చందా మీద ఆడుతున్నవాళ్లకు అది పూర్తిగా పోయింది. అలాంటి ఒకావిడ కువాలా సెలంగోర్ నుంచి ఫోన్ చేసి, మాకూ ఇప్పించండి అని అడిగింది. దొరసామి ఉన్నమాట చెప్పాడు. "మీరు అద్దెకు తీసుకున్నారమ్మా. అద్దె అనే వాళ్లు మీకు సెప్పినారు. నేను అడగలేను." ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుదురుగా కూర్చోలేకపోయాడు. సాయంత్రం మళ్లీ ఆవిడకు ఫోన్ చేసి, ఎవరికి బాగాలేదని అడిగాడు. భర్తకు పక్షవాతమట.

"శనివారం తీసుకురండి," అన్నాడు. "క్లాంగ్ బస్సు దిగినాక ఫోన్ సెయ్యండి. మా అమ్మాయి వచ్చి తీసుకొస్తాది."

పునిత వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన ఆమెను అడగనైనా లేదు. ఆమె గోడ మీది తాళాల కొక్కెం నుంచి కారు తాళం తీసి, పెట్రోలు పోయించుకు రావడానికి బయటికి నడిచింది.