వత్తు తప్పిన శుభవార్త

ఆ రోజుల్లో ఈ ప్రపంచమంతా నా సుద్దముక్క మీదే ఆధారపడి తిరుగుతోందని నాకు గట్టి నమ్మకం. నారాయణఖేడ్ గ్రంథాలయంలో నాది తాత్కాలిక ఉద్యోగం (తాత్కాలికం అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పేదాన్ని కాదు). పుస్తకాలకు ముద్రలు వేయడం ఒక పని, పొద్దున్నే పత్రిక చదివి గుమ్మం ముందు నల్లబల్ల మీద ముఖ్యవార్తలు రాయడం ఇంకో పని. మొదటిది జీతానికి చేసేదాన్ని, రెండోది లోకకల్యాణానికి. కరువులు, యుద్ధాలు రాసీ రాసీ ఊళ్లో నాకు 'పాడుకబుర్ల పిల్ల' అని పేరు పడింది.

ఎనభైల చివర్లో ఒక డిసెంబరు ఆఖరి రోజు. అమెరికా, రష్యా కొన్ని అణుక్షిపణులను నాశనం చేస్తామని సంతకాలు పెట్టిన నెల అది. ఏడాది పోయేముందు ఒక్క మంచివార్తయినా రాయాలని పట్టుబట్టి, నాలో ఉన్న కవిత్వమంతా బల్ల మీద ఒలకబోశాను. "ఏడాది చివర శుభవార్త! సంది కుదిరింది! ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు పెద్దలు చేతులు కలిపారు. ఇక ముళ్లకంచెలు తొలగుతాయి!" అమెరికా, రష్యా అని రాయడానికి చోటు మిగల్లేదు. చదివేవాళ్లకు ఆమాత్రం తెలియదా అనుకున్నాను. 'సంధి'లో వత్తు పడలేదన్న సంగతి నా కంటికి ఆనలేదు.

మా వైపు సంది అంటే రెండిళ్ల నడుమ ఉండే సన్నటి దారి. అలాంటి సంది ఒకటి సరిగ్గా గ్రంథాలయానికి ఎదురుగా ఉంది. దానికి ఒకపక్క ఊరంతా 'మిషన్ కాక' అని పిలిచే దర్జీ ఇల్లు, ఇంకోపక్క కన్నడం వాళ్ల కిరాణా సేట్ ఇల్లు. సంది నాదంటే నాదని ఇద్దరూ పదకొండేళ్లుగా కోర్టుకు తిరుగుతూ, మధ్యలో తుమ్మకంప వేయించారు. కాక తల్లి అవ్వ, సేట్ తల్లి అజ్జి ఒకప్పుడు రోజూ ఆ సందిలోనే కూర్చుని జొన్నలు చెరుగుతూ కబుర్లాడుకునేవాళ్లట. వీధిలోంచి వెళ్లి కలవచ్చు కదా అంటారేమో, గడప తొక్కొద్దని కొడుకులు ఒట్టు వేయించుకున్నారు. పదకొండేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

లోపల ముద్రలు వేసుకుంటున్న నాకు బయట గోల వినిపించింది. చేతిలో ముద్రతోనే బయటికి వచ్చాను. బోర్డు చదివిన ఒకాయన మిషన్ కాక ఇంటి ముందు ఆగి కబురు చెప్పిపోయాడట. అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని, తుమ్మకంపను కర్రతో లాగి అవతల పారేస్తోంది!

"అవ్వా! ఏం చేస్తున్నవ్?" అని అరిచాను.

"నువ్వే రాస్తివి కదనే బిడ్డా! సంది కుదిరిందట, కంప తీస్తరట. కొడుకులొచ్చేదాంక నేనాగాల్నా?"

అవతలి తలుపు తెరుచుకుంది. అజ్జి గోడ పట్టుకుని వచ్చి, "ఇష్టు దినా యాక్ బరలిల్ల?" అంది, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని. "నువ్వెందుకు రాలేదే?" అని అవ్వ అదే ప్రశ్న తెలుగులో తిరగేసింది. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. అప్పుడు బోర్డు వైపు చూస్తే 'సంధి'లో వత్తు లేదు, నాకు పట్టుకుంది భయం. నిజం బయటపడి, కొడుకులు కంప మళ్లీ వేస్తే ఈ ముసలివాళ్లు తట్టుకుంటారా? (ముందు ఆ దిగులే కలిగిందని రాయాలనుంది. కానీ ముందు గుర్తొచ్చింది నా ఉద్యోగమే.)

మధ్యాహ్నానికి కాక సిర్గాపూర్ నుంచి, సేట్ కల్హేర్ అంగడి నుంచి వచ్చారు. దారిలోనే ఇద్దరికీ కబురు అందింది. "దిగొచ్చిండు సేట్" అని కాక మీసం దువ్వుకున్నాడు. "కాకకు ఇప్పటికి అకలొచ్చింది, బుద్ధి తెలిసింది" అని సేట్ మురిసిపోయాడు. గెలిచానన్న ఉదారతతో ఎవరికి వారే "పోనీ తియ్" అనుకుంటూ సందిలోకి వచ్చి ఎదురెదురుగా నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మా లైబ్రరీ సార్ వచ్చి బోర్డు చూశాడు.

"ఏందమ్మా ఇది? అమెరికా, రష్యా సంధికి వత్తేది?"

ఆ గొంతు బస్టాండు దాకా వినబడి ఉంటుంది. కాక, సేట్ ఇద్దరూ నావైపు తిరిగారు. నల్లపోచమ్మ మీద ఒట్టు, భూమి చీలితే అందులోకి దూరిపోయేదాన్ని.

"అంటే నువ్వు ఒప్పుకోలే?" అన్నాడు కాక.

"నేనెందుకు ఒప్పుకుంట?" అంటూ సేట్ కంప ఎత్తడానికి వంగాడు. అవ్వ ఆ కంప మీద కర్ర ఆనించి నన్ను పిలిచింది.

"ఆ అమెరికోళ్లు, రష్యోళ్ల దగ్గర ఏమున్నయి బిడ్డా?"

"ఊర్లకు ఊర్లే బూడిద చేసే బాంబులు అవ్వా."

"గసొంటియి ఉన్నోళ్లే కలిసిండ్రంట! మీ దగ్గర ఏమున్నదిరా, గీ తుమ్మకంప తప్ప?"

సేట్ మెల్లగా నడుం ఎత్తాడు. కాక మీసం మీంచి చెయ్యి తీశాడు. ఇద్దరూ ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. కోర్టు కేసు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచింది గానీ, కంప మాత్రం మళ్లీ ఎవరూ వేయలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. డిసెంబరు ఆఖర్లో పత్రిక తెరిస్తే ఇప్పటికీ కుదిరిన సంధులు, చెడిన సంధులే. లోకాన్ని సుద్దముక్కతో బాగుచేద్దామని బయలుదేరిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. అవ్వ, అజ్జి బతికినంతకాలం ఆ సందిలో పక్కపక్కనే కూర్చున్నారు. నేను రాసిన శుభవార్తల్లో కలకాలం నిలిచింది అదొక్కటే, అదీ నేను రాయాలనుకున్నది కాదు.