తారుమారత్త అలమరాలు

మా మేనత్తకి పుస్తకాన్ని దాని చోట పెట్టడం చేతకాదు. వంటింట్లో ఉప్పు డబ్బాని కళ్ళు మూసుకుని తీసే మనిషి, తను పనిచేసే గ్రంథాలయంలో అడుగుపెడితే మాత్రం అన్నీ కలగాపులగం చేసేది. పాఠకులు ఆవిడకి పెట్టిన పేరు తారుమారత్త. ఆ పేరుతో పిలిస్తే హాయిగా పలికేది కూడా.

కవిత్వం ఎలా చదవాలో చెప్పే పుస్తకాలు వ్యాయామం అలమరాలో కండలు పెంచేవి. రాజ్యం గురించి, ప్రజల గురించి తర్కించేవన్నీ వంటల పుస్తకాల మధ్య ఉడుకుతుండేవి. పొదుపు, జీతం, ఇంటి ఖర్చుల పుస్తకాలు వెనక మూల సాహిత్య విమర్శలో దాక్కునేవి. ఆ మూలకి ఈగ కూడా వెళ్ళేది కాదు.

"రాజనీతి పుస్తకాలు ఎక్కడమ్మా?" అని ఒక లెక్చరర్ అడిగాడు.

"కేకుల వెనకాల చూడండి సార్."

"అక్కడెందుకు?"

"వేడి మీదున్నాయి. కాస్త చల్లారనివ్వండి!"

నేను నెత్తి బాదుకుంటే, "కళ్ళజోడు మార్చాలిరా," అనేది. కళ్ళజోడు మార్చింది. అలమరాలు మాత్రం మారలేదు.

ఇంతలో నా అచ్చాఫీసు మూతపడింది. దిక్కుతోచక ఒకరోజు ఎవరి కంటా పడకూడదని ఆ మూలకి పోయి నిలబడ్డాను. రెండు లావుపాటి విమర్శ గ్రంథాల మధ్య, చేతిలో ఏమీ లేనివాడు ఎక్కడ మొదలెట్టాలో చెప్పే బక్క పుస్తకం కనిపించింది. నా అదృష్టం అనుకుని చంకలో పెట్టుకొచ్చాను. ఈరోజు మా యంత్రం మళ్ళీ తిరుగుతోందంటే దాని చలవే.

ఆ తర్వాత తనిఖీకి పై అధికారి వచ్చాడు. వంటల మధ్య రాజ్యాన్ని చూసి మండిపడ్డాడు.

"సాయంత్రంలోగా అన్నీ వాటి చోట ఉండాలి. లేకపోతే మిమ్మల్ని పాత కాగితాల గోడౌనుకి పంపిస్తాను!"

అత్త ముఖం పాలిపోయింది. పాఠకులు లేని చోట ఒక్క పూట కూడా ఉండగలిగే మనిషి కాదు ఆవిడ. నేను సాయం పట్టాను. నిబంధన ప్రకారం కవిత్వం, పొదుపు వీధి కిటికీ పక్కకి వచ్చాయి.

మధ్యాహ్నం వ్యాయామశాల మాస్టారు వచ్చాడు. తన అలమరా తడిమి చూశాడు. కవిత్వం కిటికీ దగ్గర కనిపించింది. బయట ఆయన శిష్యులు నిలబడి ఉన్నారు. మీసం ఒకసారి దువ్వుకుని వట్టి చేతులతో వెళ్ళిపోయాడు.

"పాపం, సిగ్గుపడ్డాడు," అంది అత్త. "అందరి ముందూ అడగలేనివాళ్ళు కూడా చదువుకోవాలి కదరా."

అప్పటికి వెలిగింది నా బుర్ర. ఆ బక్క పుస్తకం నాకు దొరకడంలో అదృష్టం పాత్ర ఏమీ లేదు. అత్త చేతులు పట్టుకున్నాను. "చాల్లే, దుమ్ము దులుపు," అంది.

సాయంత్రం అధికారి వచ్చి, అన్నీ చూసి తృప్తిపడ్డాడు. కానీ కదలడు. పొదుపు అలమరా ముందు అటూ ఇటూ తిరుగుతాడు, కిటికీలోంచి తన డ్రైవర్ని చూస్తాడు, దగ్గుతాడు.

అత్త ఆ అలమరాలోంచి ఒక పుస్తకం తీసి, తిన్నగా వెనక మూలకి పోయి పెట్టి వచ్చింది. గోడౌనుకి పంపిస్తానన్న మనిషి కళ్ళముందే!

"సార్, ఆ మూల ప్రశాంతంగా ఉంటుంది. కాసేపు కూర్చోండి."

ఆయన వెళ్ళాడు. చాలాసేపటికి, పుస్తకాన్ని ఫైల్లో దాచుకుని వచ్చాడు. గుమ్మం దాకా పోయి, ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఈ సర్దుడేం బాలేదు. రేపు పొద్దున్నే మళ్ళీ తారుమారు చేసెయ్యండి."