అగ్రజుని తీగ, అనుజుని తీగ

మహబూబ్‌నగర్‌లో మా బ్యాంకు ప్రధాన కార్యాలయపు మేడ మీద చల్లని గది ఒకటి ఉండేది. తొంభైల చివరి ఏళ్లలో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాఖలన్నింటి కంప్యూటర్లనూ ఆ గదితో ముడివేశారు. బయటివారు ఆ దారిన చొరబడకుండా వాకిట కావలి కాసే యంత్రాన్ని ఫైర్‌వాల్ అంటారు. మాకు అటువంటివి రెండు వచ్చాయి. ఒకటి పనిచేస్తుంటే రెండవది దాని ఊపిరిని ఆలకిస్తూ ఊరక కూర్చుంటుంది. మొదటిదాని ఊపిరి ఆగిన క్షణాన భారమంతా తన తలకెత్తుకుంటుంది. రెంటికీ బయటికి పోయే మార్గాలు రెండేసి: టెలిఫోను తీగ ఒకటి, మేడ మీద ఉపగ్రహంతో మాట్లాడే డిష్ మరొకటి.

వాటిని అమర్చడానికి నకిరేకల్ శాఖనుండి నన్ను, మక్తల్ శాఖనుండి మరొక ఉద్యోగిని పిలిపించారు. ఇద్దరిదీ ఒకే హోదా, ఒకే శిక్షణ. పని ముగిశాక ఆ గది బాధ్యత ఒకరికే దక్కుతుంది. రెండవవాడు తన శాఖకు పోయి మళ్లీ కౌంటరు వెనుక కూర్చోవలసిందే. కావ్యాలు వల్లించినవాడికి కంప్యూటరేమిటని నవ్విన బంధువర్గం నాకు దండిగా ఉంది. ఆ గది నాకు కావాలి.

అతడు పనిచేసే తీరు చూస్తే నాకు కడుపు మండేది. నేను సూచనల గ్రంథాన్ని శ్లోకానికి అన్వయం చెప్పుకున్నట్లు వాక్యం వెంట వాక్యం విప్పుకుంటుంటే, అతడు రెండు పుటలు తిరగేసి, ఈల వేస్తూ, కీబోర్డు మీద వేళ్లు ఆడించేవాడు. తప్పు దొరకకపోతుందా అని వెనుక నిలబడి ప్రతి పంక్తీ చదివేవాణ్ణి. దొరికేది కాదు. యంత్రాలు రెంటినీ కలిపే తీగ ఒక్కటే చాలదని ఇద్దరికీ తెలుసు. కాని జనరల్ మేనేజరు ముందు ఆ మాట మొదట అన్నది అతడే.

“ఒక్క తీగనే ఉండి అది తెగిందనుకో సార్, అవతలిది సచ్చిందని ఇదనుకుంటది, ఇది సచ్చిందని అదనుకుంటది. రెండూ లేసి నేనంటే నేనంటయి. ఇగ లొల్లే. అందుకే రెండు తీగలేస్తున్న.”

మేనేజరు తల ఊపాడు. ఆ తల ఊపు నాకు రావలసినదని ఇప్పటికీ నా నమ్మకం.

నా పాలికి మిగిలింది నామకరణం. పనిచేసేది అగ్రజుడు, కాచుకునేది అనుజుడు. ఆ పేర్లతో ప్రతి తీగకూ చీటీ అంటించాను. అతడు చూసి పకపక నవ్వాడు.

“ఇవేం పేర్లు పంతులూ, పిండాలు పెడుతున్నవా? పెద్దోడు, చిన్నోడు అంటే అయిపాయె.”

సాయంత్రానికి కార్యాలయమంతా పెద్దోడు, చిన్నోడే. చాయ తెచ్చే ఆమె సైతం, “పెద్దోడు మంచిగున్నడా సారూ?” అని అతణ్ణే అడిగింది. ఆ పేర్లు నాకు తట్టనందుకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

పరీక్ష జరిగే రోజున మేనేజరు ఫోనులో మక్తల్ శాఖ గుమస్తాను పట్టుకొని నిలబడ్డాడు. గుమస్తా అక్కడ పద్దు ఎక్కిస్తూ ఉండాలి; ఇక్కడ అగ్రజుని కరెంటు తీసివేయాలి; అనుజుడు అందుకోవాలి. అతడు యంత్రాలు అమర్చిన ఇనుప అల్మారా వెనుకకు పోయాడు. నేను ముందు నిలిచాను.

“తీస్తున్న సార్!”

“నడుస్తాంది సార్, ఏం ఫరక్ లేదు,” అంది ఫోను.

మేనేజరు ముఖం వికసించింది. కాని నా కళ్లెదుట ఆరినది అనుజుని దీపం. అగ్రజుడు నిశ్చింతగా వెలుగుతున్నాడు. అది నేనొక్కణ్ణే చూశాను. మౌనంగా ఉంటే అగ్రజుడు నిజంగా కూలిననాడు ఏమవుతుందో తేలుతుంది. అంతదాకా ఓపిక పట్టగల అసూయ కాదు నాది.

“సార్, తీసింది అనుజుని ప్లగ్గు. పరీక్ష జరగనే లేదు.”

అతడు దుమ్ము దులుపుకుంటూ బయటికి వచ్చాడు. “అనుజుడంటే పెద్దన్న అనుకుంటి సార్. గీ పంతులు తెలుగుల రాస్తే ఏం పోతుండె?”

మేనేజరు నవ్వాడు. కోపగించుకుంటాడనుకొన్న మనిషి నవ్వాడు.

అనుజుడు మళ్లీ మేలుకొనేదాకా ఆగి, ఈసారి సరైన ప్లగ్గు తీశాడు. అగ్రజుని దీపం ఆరింది. ఫోను మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో, అనుజుడు లేవకూడదని, ఆ ఈల వేసే పెదవులు ఒక్కసారి ఎండిపోవాలని, నేను ఎన్నడూ దేవుణ్ణి అడగనంత గట్టిగా అడిగాను.

“జర ఆగింది సార్. మళ్ల పోతాంది. పద్దు ఎక్కింది.”

అతని అమరికలో లోపం లేదని సందేహానికి తావు లేకుండా నిరూపించింది నా నోరే. గది తాళంచెవి అతనికే అందింది. అందరూ చూస్తుండగా నన్ను కౌగిలించుకొని, “నువ్వు చెప్పకుంటె ఎన్నడో ఒకనాడు నా ఇజ్జత్ పోతుండె పంతులూ,” అన్నాడు. అందులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే కొంత ఊరట దొరికేది.

నకిరేకల్‌కు తిరిగివచ్చాక రోజూ ఉదయం తెర వెలిగించేటప్పుడు అది వెలగకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించేది. వెలిగేది. ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన కురిసి తెర స్తంభించింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అంతలోనే అంకెలు మళ్లీ కదిలాయి.

“పోయిందనుకున్న,” అన్నాడు మా శాఖ మేనేజరు. “ఎవరు పెట్టిండ్రోగాని జబర్దస్త్ పెట్టిండ్రు. మీరు గూడ ఆడ ఉంటిరి గద సార్, ఎవరు చేసిండ్రది?”

“ఇద్దరం చేసినం,” అన్నాను తెరమీదినుండి చూపు తిప్పకుండా.